అన్నం మానేశాక ఒళ్ళు తగ్గింది, ఓపిక కూడా పోయింది, ఇప్పుడేం చెయ్యాలి?

గాజువాక నుంచి ఒకావిడ రాసిన ఉత్తరం ఇది. చాలా పెద్దది, పేరు వెయ్యద్దన్నారు, అందుకని ముఖ్యమైన సంగతులు మాత్రం చెప్తాను. ఆవిడకి 33 ఏళ్ళు, ఎత్తు అయిదడుగుల ఒక అంగుళం. భర్త స్టీల్‌ప్లాంట్‌లో కాంట్రాక్ట్ పని చేస్తారు, షిఫ్టులు మారుతుంటాయి. ఈవిడ దువ్వాడ వైపు ఒక ఎక్స్‌పోర్ట్ కంపెనీలో చెకింగ్ సెక్షన్, రోజంతా నిలబడే పని. ఇంట్లో అత్తగారు, 12 ఏళ్ళ పాప, 8 ఏళ్ళ బాబు. నాలుగు నెలల క్రితం ఆవిడ బరువు 68 కిలోలు. తమ్ముడి పెళ్ళి ఫోటోల్లో తనని తాను చూసుకుని బాధపడి, ఫోన్‌లో వీడియోలు చూసి, తెల్ల అన్నం విషం అన్న మాట నమ్మి మొత్తం మానేశారు. పొద్దున గ్రీన్ టీ, గుప్పెడు ఓట్స్. మధ్యాహ్నం కంపెనీలో రెండు గుడ్ల తెల్లసొన, కీరా ముక్కలు. రాత్రి రెండు పుల్కాలు, కాస్త కూర. మధ్యలో రెండు టీలు. పచ్చసొన పిల్లలకి పెట్టేస్తారట.

మొదటి పది రోజుల్లో మూడు కిలోలు తగ్గారు, ఇప్పుడు 60 దగ్గర ఉన్నారు, నెల పైగా ముల్లు కదలట్లేదు. మధ్యాహ్నం అయ్యేసరికి కళ్ళు తిరుగుతున్నాయి, దువ్వెన నిండా జుట్టు వస్తోంది, పిల్లల మీద ఊరికే అరుస్తున్నారు. శనివారం రాత్రి అందరూ పడుకున్నాక వంటింట్లో నిలబడి గిన్నెలో మిగిలిన అన్నం పచ్చడితో గబగబా తినేసి, తర్వాత ఏడుస్తున్నారు. అత్తగారు "అన్నపూర్ణని తోసేసిన ఇంట్లో ఏం నిలుస్తుంది" అంటున్నారు. భర్త "నీకెలా బాగుంటే అలా చెయ్యి" అని ఊరుకుంటున్నారు. పక్క టేబుల్ అమ్మాయి ఒక పౌడర్ డబ్బా కొనమంటోంది, నెలకి రెండున్నర వేలు. ఆవిడ వాళ్ళ అమ్మకి సుగర్ ఉంది. ఇంక చివర్లో, దాదాపు వేరే విషయంలాగా, పాప కూడా ఈ మధ్య ప్లేట్లో అన్నం పక్కకి తోస్తోంది అని రాశారు. ఆవిడ అడిగినవి: అన్నం నిజంగా చెడ్డదా, మళ్ళీ తింటే బరువంతా తిరిగొస్తుందా, పౌడర్ కొనాలా, నాకెందుకు మనసు మీద అదుపు లేదు.

అమ్మా, ముందు ఆ చివరి ప్రశ్నతో మొదలుపెడతాను, ఎందుకంటే మిమ్మల్ని ఎక్కువ బాధపెడుతున్నది అదే అని ఉత్తరం చదివితే తెలుస్తోంది. అదుపు లేకపోవడం కాదండి అది. మీరు రాసిన తిండి మొత్తం నేను లెక్కేశాను, ఓట్స్, తెల్లసొన, కీరా, పుల్కాలు, కూర, పాలు చక్కెర వేసిన టీలు అన్నీ కలిపినా రోజుకి 700 కేలరీలు, పోనీ 800 అనుకుందాం. మీ ఎత్తుకి మీ బరువుకి మీరు రోజంతా మంచం మీద కదలకుండా పడుకున్నా, గుండె కొట్టుకోడానికి, ఊపిరి తీయడానికి, ఒళ్ళు వెచ్చగా ఉంచడానికి, మెదడు పనిచెయ్యడానికి దాదాపు 1200 కేలరీలు కావాలి. ఆ తర్వాత ఎనిమిది గంటలు నిలబడాలి, బస్సెక్కాలి, ఇంటికొచ్చి వంట చెయ్యాలి, బట్టలు ఆరెయ్యాలి. హైదరాబాద్‌లో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ వాళ్ళ 2020 లెక్కల్లో 55 కిలోల ఆడమనిషికి కూర్చుని చేసే పనైతే 1660, ఓ మాదిరి శ్రమ ఉంటే 2130 కేలరీలు అని ఉంది. మీరు అందులో సగం కూడా తినట్లేదు.

అమెరికాలో మిన్నెసోటా యూనివర్సిటీలో 1944, 45ల్లో ఆన్సెల్ కీస్ అనే ఆయన 36 మంది ఆరోగ్యంగా ఉన్న కుర్రాళ్ళ మీద ఒక పరిశోధన చేశారు. యుద్ధంలో ఆకలితో ఉన్నవాళ్ళని తిరిగి ఎలా కోలుకునేలా చెయ్యాలో తెలుసుకోడానికి, వాళ్ళే ఇష్టపడి ఒప్పుకున్నారు. ఆరు నెలలు దాదాపు 1600 కేలరీల దగ్గర పెట్టారు. వాళ్ళకి చలి ఎక్కువైంది, నీరసం, చిరాకు, దేని మీదా ఆసక్తి లేదు, పగలూ రాత్రీ తిండి గురించే ఆలోచన, కొంతమంది వంటల పుస్తకాలు పోగేసుకున్నారు. మళ్ళీ తిండి పెట్టాక కొందరు ఆపుకోలేక తిన్నారు. మీరు తింటున్నది వాళ్ళు తిన్నదాంట్లో సగం, పైగా వాళ్ళకి పిల్లల్ని స్కూలుకి తయారుచేసే పని లేదు. శనివారం రాత్రి మీ చెయ్యి అన్నం గిన్నె మీదకి వెళ్తోందంటే, వారమంతా అందనిది ఒళ్ళు అడుగుతోంది. అందుకు ఏడవక్కర్లేదు.

ఇప్పుడు అన్నం సంగతి. తిండిలో శక్తి ఇచ్చేవి ప్రధానంగా మూడే, పిండిపదార్థం, ప్రోటీన్, కొవ్వు. గ్రాము పిండిపదార్థానికి 4 కేలరీలు, ప్రోటీన్‌కి 4, కొవ్వుకి 9. ఈ అంకెలు మనకి ఆట్‌వాటర్ అనే అమెరికన్ కెమిస్ట్ నుంచి వచ్చాయి, 1890ల్లో మనుషుల్ని ఒక మూసిన గదిలో ఉంచి వాళ్ళ ఒంట్లోంచి వచ్చే వేడిని కొలిచాడాయన. అప్పట్నుంచీ ఆ లెక్కే నడుస్తోంది. ఒక కప్పు వండిన అన్నం, అంటే 150 గ్రాములు అనుకోండి, సుమారు 200 కేలరీలు. మీరు రాత్రి తింటున్న రెండు పుల్కాలు కూడా అటూ ఇటూగా అంతే. పుల్కా మంచిది అన్నం చెడ్డది అన్నది ఈ లెక్కలో నిలవదండి. చోళ్ళు, అంటే రాగులు కూడా అంతే, వంద గ్రాముల చోడిపిండిలో 320 కేలరీల దాకా ఉంటాయి, బియ్యంలో 350. కాకపోతే చోళ్ళలో కాల్షియం 360 మిల్లీగ్రాముల పైన ఉంటే బియ్యంలో పది కూడా ఉండదు, పీచు కూడా చోళ్ళలో చాలా ఎక్కువ, అందుకని కడుపు నిండినట్టు ఉంటుంది. తేడా అక్కడ ఉంది, అన్నంలో విషం ఉండటంలో కాదు.

అలాగని అన్నం ఎంత తిన్నా ఫర్వాలేదని నేను అనట్లేదు. ఇంట్లో అమ్మకి సుగర్ ఉందన్నారు, మీకూ వచ్చే అవకాశం మిగతావాళ్ళ కంటే ఎక్కువ, 68 నుంచి 60కి రావడం ఆ విషయంలో మీకు నిజంగా మేలే, దాన్ని తక్కువ చెయ్యకండి. పాలిష్ బియ్యం అన్నం ఒక్కటే పెద్ద గుట్టలా పెట్టుకుని ఇంత చారు పోసుకుని తింటే రక్తంలో చక్కెర జోరుగా పైకి లేస్తుంది. అదే అన్నం తగ్గించి పప్పు, కూర, గుడ్డు కలిస్తే నెమ్మదిగా లేస్తుంది. 2024లో పోషకాహార సంస్థ ఇచ్చిన సూచనల్లో కూడా రోజు కేలరీల్లో 45 శాతం మించి ధాన్యాల నుంచి రాకూడదన్నారు. మన ఇళ్ళల్లో పప్పు పల్చగా, కూర చెంచాడు, అన్నం కొండంత, అక్కడే వస్తోంది చిక్కంతా.

ఇంకో సంగతి, మీ ఉత్తరంలో ఒక మాట రాసి మీరే దాటేశారు. డైటింగ్‌కి ముందు రోజూ సాయంత్రం కూర్మన్నపాలెం జంక్షన్‌లో దిగాక కంపెనీ ఆడవాళ్ళందరూ కలిసి పునుగులో బజ్జీలో తినేవారు. అలాగే మీవారికి బి షిఫ్ట్ ఉన్న వారాల్లో ఆయన రాత్రి పది దాటాక ఇంటికొస్తే, పిల్లలతో ఎనిమిదింటికే తినేసిన మీరు ఆయనకి తోడుగా మళ్ళీ కూర్చుని తినేవారు, "ఒక్కడే తింటుంటే బాగోదు కదా" అని. అమ్మా, మీ బరువు కథ చాలావరకు అక్కడుంది. ఒక ప్లేటు పునుగులు తేలిగ్గా 250, 300 కేలరీలు, అందులో ఎక్కువ నూనెదే. రాత్రి రెండో భోజనం ఇంకో 400, 500. ఈ రెండూ పోతే చాలు, మధ్యాహ్నం అన్నం తగ్గించకుండానే బరువు తగ్గేది. మీరు ఇవన్నీ కలిపి ఒకేసారి మానేశారు, పేరు మాత్రం అన్నానికొచ్చింది.

మొదటి పది రోజుల్లో మూడు కిలోలు ఎలా పోయాయో కూడా చెప్తాను, లేకపోతే మళ్ళీ అన్నం మొదలుపెట్టిన వారంలో మీరు భయపడిపోతారు. మన లివర్‌లో కండరాల్లో పిండిపదార్థం గ్లైకోజన్ రూపంలో అరకిలో దాకా దాచి ఉంటుంది, ప్రతి గ్రాముకీ మూడు గ్రాముల నీళ్ళు పట్టుకుని ఉంటాయి. అన్నం మానగానే ముందు అదీ నీళ్ళూ పోతాయి. మళ్ళీ తినగానే ఆ కిలో, కిలోన్నర వెనక్కొస్తుంది. అది కొవ్వు కాదు, వారం పది రోజులు ముల్లు పైకి చూపిస్తుంది, అంతే.

ఇంక ముల్లు ఎందుకు ఆగిపోయింది. జీతం సగమైతే ఇంట్లో ఏం చేస్తాం, అద్దె కరెంటు కట్టి మిగతావి ఆపేస్తాం కదా, ఒళ్ళూ అదే చేస్తుంది. గుండె, మెదడు ముందు, జుట్టు గోళ్ళు తర్వాత. మీకు తెలీకుండానే కదలిక తగ్గుతుంది, చలిగా ఉంటుంది, ప్రోటీన్ సరిపోక కండ కూడా కరుగుతుంది, కండ తగ్గితే ఊరికే ఖర్చయ్యే కేలరీలు ఇంకా తగ్గుతాయి. దానికి శనివారం రాత్రి తిన్నది కలుస్తోంది. జుట్టు కూడా తిండి తగ్గించిన రెండు మూడు నెలలకి రాలడం మొదలవుతుంది, మీ విషయంలో సరిగ్గా అదే సమయం. తిండి సరిచేశాక ఆగుతుంది, కానీ నెలలు పడుతుంది, ఓపిక పట్టాలి.

ఐతే కళ్ళు తిరగడం, నీరసం అంతా తిండి మీదకే తోసెయ్యకండి. ముందు ఒక రక్తపరీక్ష చేయించుకోవాలి, ఇది మాత్రం నేను ఛాయిస్‌గా చెప్పట్లేదు. జీతంలో ఈఎస్‌ఐ కట్ అవుతుంటే డిస్పెన్సరీకి వెళ్ళండి, లేకపోతే దగ్గర్లో ఉన్న అర్బన్ హెల్త్ సెంటర్. హిమోగ్లోబిన్, థైరాయిడ్, సుగర్, వీలైతే బి12. హిమోగ్లోబిన్ 12 కంటే తక్కువుంటే రక్తహీనత అంటారు, 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన రాష్ట్రంలో సగం మంది కంటే ఎక్కువ ఆడవాళ్ళకి అది ఉందని తేలింది. మీకు రోజుకి 29 మిల్లీగ్రాముల ఐరన్ కావాలి, మీవారికి 19 చాలు, నెలసరి వల్ల మనకి ఎక్కువ. ఇప్పుడు మీరు తినేదాంట్లో ఆ ఐరన్ దొరికే దారే లేదు. పైగా పచ్చసొన తీసేస్తున్నారు, గుడ్డులో ఉన్న ఐరన్, బి12, విటమిన్ ఎ, డి దాదాపు అంతా అందులోనే ఉంటాయి, ప్రోటీన్‌లో కూడా నలభై శాతం పైన పచ్చసొనదే. నెలసరి తప్పినా, స్పృహ తప్పి పడిపోయినా, తిన్నది కావాలని కక్కాలనిపించినా ఆగకుండా డాక్టర్ దగ్గరికి వెళ్ళండి.

ఇక్కడొక మాట చెప్పాలనిపిస్తోంది. మనం తిన్న అన్నంలోని శక్తి చివరికి కణాల్లో ఏటీపీ అనే అణువులోకి చేరాకే దాంతో చెయ్యి కదులుతుంది, కాలు నడుస్తుంది. ఆ ఏటీపీని 1929లో కనిపెట్టినవాళ్ళలో మన భీమవరంలో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావు గారు ఉన్నారు, హార్వర్డ్‌లో ఫిస్క్ అనే ఆయనతో కలిసి. తర్వాత రక్తహీనతకి ఇచ్చే ఫోలిక్ యాసిడ్ తయారైంది కూడా ఆయన నడిపిన బృందంలోనే. మీకు రేపు ఐరన్ ఫోలిక్ యాసిడ్ మాత్రలు రాసిస్తే, అందులో సగం మన జిల్లాల మనిషి చలవే అనుకోండి.

ఇప్పుడు మీ ముందున్న దారులు. ఇలాగే కొనసాగించడం ఒకటి. ఇంకో రెండు మూడు కిలోలు తగ్గొచ్చు, కానీ కండ, జుట్టు, ఓపిక పోతూనే ఉంటాయి, శనివారం రాత్రులు శనివారంతో ఆగవు, చాలామందికి ఇలాంటివి చివరికి పాత బరువు దాటి వెనక్కొస్తాయి. పాతలాగే తినడం ఇంకొకటి. అత్తగారు సంతోషిస్తారు, మీకు వారంలో ఓపికొస్తుంది, కానీ పునుగులూ రెండో భోజనమూ కూడా వాటంతటవే తిరిగొస్తే ఎనిమిది కిలోలూ వచ్చేస్తాయి, అమ్మ సుగర్ మీకు గుర్తుండాలి.

పౌడర్ సంగతి, డబ్బా వెనక చదవండి, ఒక గ్లాసుకి ఎంత ప్రోటీన్, ఎంత చక్కెర అని. కొన్నిట్లో రెండు గుడ్లకి సరిపడా ప్రోటీన్ కూడా ఉండదు. అది తాగి బరువు తగ్గేది పౌడర్ వల్ల కాదు, ఒక పూట భోజనం ఎగ్గొట్టడం వల్ల, అది మీరు ఖర్చు లేకుండా ఇప్పటికే చేస్తున్నారు. కొంటే మీకు పెద్ద ప్రమాదమేం లేకపోవచ్చు గానీ ఆ రెండున్నర వేలతో ఇంటిల్లిపాదికీ నెలంతా రోజుకో గుడ్డు, పెసలు, శనగలు, వేరుశనగ గుళ్ళు వస్తాయి. పక్క టేబుల్ అమ్మాయి మీద కోపం పెట్టుకోకండి, ఆ అమ్మాయికి దాంట్లో నాలుగు డబ్బులు మిగులుతాయేమో, మీరు వద్దంటే వద్దనడమే.

నన్నడిగితే మధ్యలో ఉన్న దారి మీకు నప్పుతుంది, కాకపోతే అది నెమ్మది, నెలకి కిలో, మహా ఐతే కిలోన్నర. ఫోటోల్లో వెంటనే కనిపించదు. పొద్దున ఏదో ఒకటి కడుపులో పడాలి, రెండు ఇడ్లీలు పల్లీ చట్నీతో, లేదా ఒక పెసరట్టు, లేదా చోడి అంబలి మజ్జిగ కలుపుకుని. మధ్యాహ్నం క్యారేజీలో ఒక కప్పు, కప్పున్నర అన్నం, దాని కంటే ఎక్కువ కూర, గట్టి పప్పు, ఒక పూర్తి గుడ్డు. నిమ్మకాయ పిండుకుంటే పప్పులో ఆకుకూరలో ఐరన్ బాగా ఒంటికి పడుతుంది. రైతుబజార్‌లో తోటకూర, మునగాకు చవగ్గానే దొరుకుతాయి. చేపలు తింటారని రాశారు, నెత్తళ్ళు ముళ్ళతో సహా నమిలి తినే చేప, కాల్షియం ప్రోటీన్ రెండూ వస్తాయి, ఎండువైతే ఉప్పు కడిగి వండుకోండి. రాత్రి ఇప్పటిలాగే రెండు పుల్కాలు, కూర ఇంకాస్త, ఒక కప్పు పెరుగు. ఇదంతా కలిపినా 1400, 1500 దాటదు, మీకు ఖర్చయ్యేది అంతకన్నా ఎక్కువే కాబట్టి తగ్గుతూనే ఉంటారు. రోజుకి 46 గ్రాముల ప్రోటీన్ మీకు కావాలి, ఈ తిండితో దగ్గరగా వస్తుంది. మీ అమ్మ మీకు గుర్తొస్తూ అన్నం అంటే ఇంకా భయంగా ఉంటే మధ్యాహ్నం అన్నం సగం చేసి శనగలో పెసలో ఉడకబెట్టినవి పెట్టుకోండి, అదీ బాగానే ఉంటుంది. ఒక్కసారిగా మార్చలేకపోతే ముందు మధ్యాహ్నం భోజనం ఒక్కటి సరిచెయ్యండి, కళ్ళు తిరిగేది ఆ టైములోనే కదా.

పునుగులు పూర్తిగా మానక్కర్లేదు, ఆ పది నిమిషాలు మీ స్నేహితుల్తో నవ్వుకునే టైము, అది పోగొట్టుకోవడం నాకిష్టం లేదు. వారానికోసారి తినండి, మిగతా రోజులు వాళ్ళతో నిలబడి కబుర్లు చెప్పుకోండి. మీవారి బి షిఫ్ట్ రోజుల్లో ఆయన పక్కన కూర్చోండి, మజ్జిగ గ్లాసు పెట్టుకుని. ఆయన "నీకెలా బాగుంటే అలా చెయ్యి" అనడం మీకు పట్టనితనంలా అనిపించింది, కావచ్చు, కానీ మీరు రాసిన తీరు చూస్తే ఆయనకి మీ కళ్ళు తిరగడం గురించి చెప్పినట్టే లేదు. చెప్పండి. రక్తపరీక్షకి తోడు రమ్మనండి.

అత్తగారి మాట నొప్పించేదే, ఇంటి అరిష్టం మీ ప్లేట్లో ఉన్నట్టు మాట్లాడటం తప్పే. కానీ ఆవిడ రోజూ మీ మొహం చూస్తున్నారు, కోడలు పీక్కుపోతోందని ఆవిడకి తెలుస్తోంది, చెప్పడం అలా వచ్చింది. ఆవిడ తరం ఈ ప్రాంతంలో చోడి అంబలి, గంటి (సజ్జ) అన్నం తిని కష్టం చేసినవాళ్ళు. "అత్తయ్యా, మీ చేత్తో అంబలి కాచి పెట్టండి, నేర్చుకుంటాను" అని ఒకసారి అడిగి చూడండి. కుదరకపోతే కుదరకపోయింది, ఆవిడ్ని ఒప్పించడం మీ ఆరోగ్యానికి షరతు కాకూడదు.

పాప. ఇది మీరు చివర్లో రాశారు గానీ నాకు ముందే చెప్పాలనిపించింది, మీ సంగతి తెలియకుండా దీన్ని చెప్పలేనని ఆగాను. పన్నెండేళ్ళ ఆడపిల్లకి రోజుకి 2060 కేలరీలు కావాలి, అంటే కూర్చుని పనిచేసే పెద్దావిడ కంటే ఎక్కువ, ఏడాది తిరిగేసరికి ఆ లెక్క 2400 అవుతుంది. ఎముకలు పెరిగే వయసు, నెలసరి మొదలయ్యే వయసు, ఐరన్ దాదాపు మీకు కావలసినంత. ఈ వయసులో అన్నం తోసెయ్యడం నాలుగు నెలల్లో సరిదిద్దుకునే విషయం కాదు. తిట్టకండి, బతిమాలకండి, "నువ్వు సన్నగానే ఉన్నావు కదా" అని కూడా అనకండి, లావైతే తప్పన్న మాట అందులోనే ఉంది. దాని ముందు బరువు మిషన్ ఎక్కడం ఆపండి, మిషన్ బీరువా మీద పెట్టెయ్యండి. అద్దం ముందు మీ పొట్ట గురించి మీరు అనుకునే మాటలు దాని చెవిన పడుతున్నాయి. ఆదివారం మధ్యాహ్నం దాని పక్కన కూర్చుని మీ ప్లేట్లో అన్నం పెట్టుకుని మామూలుగా తినండి, ఏం వివరించకుండా. "అమ్మ అన్నం మానేసి నీరసపడింది, డాక్టర్ దగ్గరికి వెళ్తున్నాను" అని నిజం చెప్పొచ్చు, ఆ వయసుకి అర్థమవుతుంది. స్కూల్లో ఎవరైనా ఏమైనా అన్నారా అని వేరే ఎప్పుడో, స్కూటీ మీద వెళ్తున్నప్పుడో అడగండి. నెల రోజుల్లో మార్పు లేకపోయినా, భోజనం ఎగ్గొడుతున్నా, పిల్లల డాక్టర్‌కి చూపించండి, ఆలస్యం వద్దు.

గ్రీన్ టీ గురించి కూడా అడిగారు. తాగచ్చు, దాంతో కొవ్వేం కరగదు. ఏ టీ ఐనా సరే భోజనానికి గంట ముందూ గంట తర్వాతా తాగకండి, తిండిలో ఉన్న ఐరన్‌ని పట్టనివ్వదు, కంపెనీలో మధ్యాహ్నం తినగానే ఇచ్చే టీ ఉంటుంది చూడండి, అది మూడింటి టీగా మార్చుకోండి. రిపోర్టులు వచ్చాక అంకెలు రాసి పంపండి, డాక్టర్ ఏ మాత్రలు రాశారో అదీ రాయండి.